రైలెక్కినావిడ ఎక్కడ దిగింది?

ఏమండీ, డ్యూటీకి వెళ్తున్నాను. అన్నం గిన్నె మూతలో మీరు విప్పిన పాత ప్లేయర్ స్క్రూలున్నాయి, కదపలేదు. అందుకే గిన్నె మీద పళ్లెం బోర్లించాను.

కొరియర్‌లో ఇంకో లేజర్ డిస్క్ వచ్చింది. పడుకోబెడితే వంగిపోతుందంటారుగా, బీరువాలో నా బట్టల మధ్య నిలబెట్టాను. ఈ ఇంట్లో నడుం వాల్చే యోగం లేనిది నాకొక్కదానికే అనుకున్నాను, దానికీ అదే రాత.

ఇంకో మాట. మనం చూసే సినిమా డిస్క్ ఒక వైపు గంటే ఆడుతుంది, తర్వాత తిప్పి వేయాలి. ఆ గంటలోపే నేను సోఫాలో నిద్రపోతాను. నేను లేకుండా చూడనని మీరు ఆపేస్తారు. మళ్లీ ఆదివారం మొదటి నుంచీ మొదలు. నాలుగు నెలలుగా ఆ సినిమాలో ఆవిడ రైలెక్కుతూనే ఉంది. ఎందుకు లేపలేదంటే, “పాపం, అలిసిపోయావుగా” అంటారు. అలా అంటే కోప్పడ్డానికి కూడా ఓపికుండదు నాకు.

తా.క. ప్లేయర్‌లో డిస్క్ రెండో వైపుకి తిప్పి పెట్టాను. అంచులే పట్టుకున్నాను, వేలిముద్రలు పడలేదు. సాయంత్రం నేను నిద్రపోయినా ఆపకండి. ఆవిడ ఎక్కడ దిగిందో మీరైనా చూసి, నేను లేచాక చెప్పండి.