ఎర్ర బోల్టు, పావు చుట్టు

పూజ్యులైన మావయ్యకు మేనల్లుడి నమస్కారాలు.

మీరు పని మానేస్తూ నా చేతిలో పెట్టిన లారీ కొండ ఎక్కనని మొరాయిస్తోంది. ఖాళీగా ఉంటే గుర్రం, ఇటుకలు ఎక్కిస్తే ముసలి ఎద్దు. డీజిల్ ప్రెషర్ తగ్గిందని నా అనుమానం. డీజిల్ పంపు బాగుచేసే షాపువాడు నెల ఆగమన్నాడు. వచ్చే నెల మొదటి సోమవారం లోడు కొండ మీదికి చేరకపోతే బట్టీ యజమాని వేరే లారీ చూసుకుంటాడు. మాకున్న బేరం అదొక్కటే. ఇంటి ముందే నేనే ప్రెషర్ పెంచుకుంటాను. ఏ స్క్రూ తిప్పాలో చెప్పండి చాలు.

మీ అల్లుడు

తా.క.: స్పానర్ ఇప్పటికే చేతిలో ఉంది.

*

చిరంజీవి అల్లుడికి,

స్పానర్ కింద పెట్టి చదువు. ముందు కొత్త డీజిల్ ఫిల్టర్ వెయ్యి. ట్యాంకు నుంచి వచ్చే పైపుల క్లిప్పులన్నీ బిగించు. ఫిల్టర్ పక్కనున్న చిన్న చేతిపంపు కొట్టి, బుడగ లేకుండా డీజిల్ వచ్చేదాకా గాలి తీసెయ్యి. ఇవన్నీ అయ్యాకే, పంపు పక్కన ఎర్ర రంగు వేసిన బోల్టును కుడివైపు పావు చుట్టు తిప్పు. పావంటే పావే. ఊపిరి బిగబట్టి తిప్పాలి.

నీ మావయ్య

తా.క.: సీసం సీలు వేసిన స్క్రూ ఒకటి కనబడుతుంది. దాని జోలికి వెళ్లావో, నీ మొహం నాకు చూపించకు.

*

మావయ్యకు,

టైము తక్కువని ముందు బోల్టే తిప్పాను. పావుకి ఏమీ కాలేదు. ఇంకో పావు. అలా మూడు చుట్లయ్యాయి. ఇంజన్ దగ్గి ఆగిపోయింది. లోపల ప్రెషర్ పేరుకుపోయి ఎక్కడ పేలుతుందోనని గుమ్మంలోకి పరిగెత్తాను. మా ఆవిడ లారీ చుట్టూ ఇసుక బకెట్లు పెట్టి, పిల్లల్ని పక్కింట్లో దించింది. పక్కింటివాళ్లు మా పిల్లలతో పాటు తమ పిల్లల్నీ వెనక వీధికి పంపారు. వెనక వీధివాళ్లకు సంగతి ఇంకా తెలియదు.

భయంతో,
మీ అల్లుడు

తా.క.: మా అమ్మ మాత్రం బానెట్ వెచ్చగా ఉందని దాని మీద దుప్పటి ఆరేసింది. “ఆ రంగు వేసింది నా తమ్ముడేగా, ఏం కాదులే” అంటోంది. తనకేం తెలుసు పాపం.

*

తొందరగాడికి,

ఆ మూడు చుట్లూ వెనక్కి తిప్పు. నా మొదటి ఉత్తరం తీసి పైనుంచి కిందికి చదువు. నువ్వెప్పుడూ కిందినుంచి పైకి చదువుతావు. వరస తప్పితే ఆ బోల్టు పలకదు.

మావయ్య

తా.క.: పిల్లల్ని ఇంటికి తెచ్చుకోండి.

*

మావయ్య పాదాలకు,

వరస తప్పకుండా చేశాను. పాత ఫిల్టర్ నిండా మడ్డి, గేదె పొర్లిన గుంటలా ఉంది. ఒక క్లిప్పు వేళ్లతోనే ఊడొచ్చింది. బుడగలు పోయేసరికి అరగంట పట్టింది. అవన్నీ చిల్లర పనులు లెండి. చివరికి ఊపిరి బిగబట్టి పావు చుట్టు.

సోమవారం పొద్దున నిండు లోడుతో కొండ ఎక్కాం. మూడో మలుపులో గేరు తగ్గించబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను, అవసరమే రాలేదు. పక్క సీట్లో మా ఆవిడ నన్ను మెచ్చుకుంది. పెళ్లయ్యాక అదే మొదటిసారి. పైకి చేరాక బానెట్ ఎత్తి ఆ బోల్టును చూస్తూ నిలబడిపోయాను. పన్నెండు టన్నుల ఇటుకలు, అంత కొండ, ఇంత బోల్టు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి మావయ్యా. బేరం నిలిచింది.

మీ అల్లుడు

తా.క.: వీధిలో లారీలన్నీ ప్రెషర్ పెంచమంటూ నా గుమ్మం ముందున్నాయి. ఒక్కదానికీ ఎర్ర బోల్టు లేదు. సీలు ఊడదీసి చూడమంటారా?

*

అల్లుడికి,

ఎవరి సీలూ ఊడదియ్యకు. నిజం చెబుతున్నాను. ఆ ఎర్ర బోల్టు దేన్నీ పట్టుకుని లేదు. ఒకప్పుడు అక్కడ హారన్ ఉండేది. లారీ నీకిచ్చే ముందురోజు రంగు నేనే వేశాను. అసలు స్క్రూ సీలు కిందే ఉంది. పదకొండేళ్ల క్రితం మీటరు పెట్టి కుదిర్చాను, అలాగే ఉంది. నీ చేతికి తిప్పడానికి ఏదో ఒకటి లేకపోతే దాన్నే తిప్పుతావని నాకు తెలుసు. ఆ రోజు ఇంజన్ ఆగింది ఫిల్టర్‌లో మడ్డి వల్ల, బోల్టు వల్ల కాదు. కొండ ఎక్కించినవి నువ్వు చిల్లర పనులన్నవే.

సిగ్గుపడకు. నేనూ నీ బాపతే.

నీ మావయ్య

తా.క.: మా గురువుగారు నాకు చూపించింది పచ్చ బోల్టు. ఇరవై రెండేళ్లు ఊపిరి బిగబట్టి తిప్పాను. పోయే ముందు చెప్పారాయన. విని, ఆయన బుర్రకు దండం పెట్టాను. అయినా మొన్న మీ అత్త కుట్టుమిషన్ మొరాయిస్తే, దుమ్ము తుడిచి, నూనె వేసి, చివర్లో ఒక బోల్టుకి పచ్చ రంగు వేసి పావు చుట్టు తిప్పాను. ఎంత బాగా నడుస్తోందో నువ్వొచ్చి చూడాలి.