గుడి పోయిన గంగమ్మ

శుక్రవారం, రాత్రి

పొద్దున వేటకెళ్లిన నా కొడుకు పడవ ఇంకా ఒడ్డుకు రాలేదు. గాలి పెరుగుతోంది. గంగమ్మకి దీపం పెట్టాను. బరంపురం కాలేజీ నుంచి వచ్చిన మనవరాలు నవ్వింది.

"తన గుడిని సముద్రం లాక్కుపోతేనే ఆపలేకపోయింది. మా నాన్ననేటి కాపాడతాది మామ్మా?"

"కాపాడతాదని నీకెవులు సెప్పినారే? మనిల్లూ పోయింది, ఆయమ్మ గుడీ పోయింది. అందుకే ఆయమ్మని ఈ కొత్తింటికి తెచ్చి మన వంటింట్లో ఎట్టుకున్నాను. నా భయం ఆయమ్మకి తెలుస్తాది."

"మరి దీపమెందుకు?"

"సీకట్లో కూసోబెట్టమంటావేటి?"

అది వాకిట్లోకి పోయింది. అప్పట్నుంచి వాళ్ల నాన్నకి ఫోను చేస్తూనే ఉంది. నడి సముద్రంలో సిగ్నల్ అందదని దానికీ తెలుసు. నేను నవ్వానా?