జరీ పోగు తీశాక

ఫిబ్రవరి 3
మామోగ్రాంలో అమ్మ రొమ్ములో గడ్డ మంచిదో చెడ్డదో తేలలేదు. సూది వేసి ముక్క తీద్దామన్నారు డాక్టరమ్మ. నాయన లేచి నిలబడ్డాడు. "పొడిస్తే ఒళ్ళంతా పాకుతాదంట." ఎవరు చెప్పారంటే - టీ కొట్టు కాడ అనుకుంటా ఉండారంట. టీ కొట్టు పెద్ద ఆస్పత్రి మరి.
ఎమ్మారైకి ఒప్పుకున్నాడు. ఫొటోనే కదా అని.

ఫిబ్రవరి 5
మగ్గాల మోతలో ఫోన్ పట్టుకుని ఎమ్మారై గురించి చదువుతున్నా. పదితో ఆపేసినదాన్ని. ఒక్కో వాక్యం నాలుగుసార్లు. నరంలోకి మందు ఎక్కిస్తారు. గడ్డలోకి గబగబా ఎక్కి గబగబా దిగిపోతే అనుమానం. మెల్లగా ఎక్కుతూ పోతే చాలావరకు భయం లేదు. ఇంకొకటి - చెడ్డ గడ్డలో కణాలు కిక్కిరిసి ఉంటాయి, నీళ్ళు కదలలేవు. ఒత్తు నేతలో నీళ్ళు ఇంకనట్టు. ఇది నాకు ఒకరు చెప్పాలా.

ఫిబ్రవరి 8
ఒంటి మీద లోహం ఉండకూడదట. తాళి తీయాలంటే అమ్మ ఏడుపు. పసుపుకొమ్ము కట్టుకోవడానికి నూలు తాడు పేనిచ్చాను.

ఫిబ్రవరి 10, తిరుపతి
స్కానింగ్ గది ముందు, లోహం పట్టే చేతి యంత్రం అమ్మ మెడ దగ్గర కూసింది. అమ్మ నేల చూపులు. నేనిచ్చిన తాడులో జరీ పోగు కలిపి పేనుకుందట. "ఉత్త నూలు యెట్టా కట్టుకునేది పాపా."
కత్తెర అడిగాను. నాయన నా చెయ్యి నెట్టేశాడు. తాడు మెడలో ఉండగానే పురి విప్పి, గోటితో జరీ ఒక్కటే లాగేశాడు. నూలు తెగలేదు. "ఇంక పో" అన్నాడు అమ్మతో.
అరగంట బోర్లా పడుకుని బయటికొచ్చింది. "మన మగ్గాలే నయం. ఏం మోత."

ఫిబ్రవరి 13
రిపోర్టు. మందు గబగబా ఎక్కింది - దిగలేదు, అక్కడే నిలబడింది. నీళ్ళ కదలిక కొంచెం తక్కువ. అటూ కాదు, ఇటూ కాదు. ఇక సూదే తేల్చాలన్నారు డాక్టరమ్మ. పాకదని బొమ్మ గీసి మరీ చెప్పారు. నాయన తలూపాడు. ఈసారి అమ్మ - "నేను పొడిపించుకోను."
నగరి బస్సులో అమ్మ మీద అరిచేశాను. అందరూ చూశారు. చూడనీ.

ఫిబ్రవరి 15
సూదికి సోమవారానికి అమ్మ పేరు రాయించాను. ఎవరినీ అడగలేదు.
సాయంత్రం నాయన మగ్గం ఆపి, "తాళి యెప్పుడేసుకుంటావు?" అన్నాడు. అమ్మ పసుపు తాడు జాకెట్లోకి తోసుకుంది. "ఉండనీ. మళ్ళా తీయమంటారేమో."
సోమవారం వస్తానని మాత్రం అనలేదు.
సూదికి తాళి తీయనక్కర్లేదు. ఆ మాట నేను చెప్పలేదు...