మూట నడిమధ్య కాగితం

యాదమ్మక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ దూలపల్లిలో మన సర్జికల్ కంపెనీకి నాణ్యత తనిఖీకి ఆడిటర్ వచ్చాడు. క్రిములు చంపే ఆవిరి మిషన్‌లో పెట్టే కత్తెరల మూట విప్పి, క్రిములు పూసిన పరీక్ష కాగితాన్ని సరిగ్గా నడిమధ్య పెట్టాను. అక్కడే ఎందుకని అడిగాడు. నువ్వు చెప్పిందే చెప్పాను: "ఆవిరి పోనికి కష్టమైన కాడనే పెట్టాలె చెల్లె. ఆడ పురుగు సచ్చిందంటే అంతట సచ్చినట్టే."

అతను నవ్వి, మన ఆఫీసు బీరువాలోనే ఉన్న, ఎన్నో దేశాలవాళ్లు కూర్చుని ఒప్పుకున్న ప్రమాణాల పుస్తకం తెరిచి చూపించాడు. అదే మాట ఉందక్కా! నీది చాదస్తమని మేమెంత నవ్వుకున్నామో!

పుస్తకం మీద రాసినవాళ్ల పేరు లేదు. అతను వెళ్లాక లోపలి అట్ట మీద నీ పేరు రాశాను. పెన్సిల్ రాత రికార్డులో చెల్లదనేదానివిగా, పెన్నుతోనే రాశాను.

నీ చెల్లె,
లక్ష్మి