మైల బట్టలు

షాలిమార్, హౌరా, 4 జూలై 1988

వానలకి యార్డులో పట్టాల మధ్య గడ్డి మోకాలెత్తు లేచింది. మా ఆయన బైరాగికి గడ్డి మందు కొట్టే డ్యూటీ వేశారు. రబ్బరు గ్లవ్స్ ఉన్నాయట. స్టోర్లో పెట్టి తాళం వేశారట. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం బయటికి తీస్తారట.

నాకు నాలుగో నెల.

7 జూలై

చెకప్‌కి వెళ్లి డాక్టర్‌బాబుని అడిగాను. మందు కొట్టిన బట్టలు గుమ్మం బయటే విప్పాలట. వెంటనే సబ్బుతో స్నానం చేయాలట. ఆ బట్టలు వేరుగా ఉతకాలట, కడుపుతో ఉన్నదాన్ని నేను వాటిని అసలు ముట్టుకోకూడదట. ఇంటికొచ్చి మా అత్త జగ్గమ్మకి అంతా అప్పజెప్పాను. మందు అంటే మంచిదే కదా అంది. ఆయన ఆ తడి చొక్కాతోనే అన్నానికి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

9 జూలై, సాయంత్రం

భలే ఉపాయం తట్టింది. యార్డులో రోజూ ఎవరో ఒకరు రైలు కింద పడి చచ్చిపోతున్నారని, ఈయన ఆ పక్కనే మందు కొడుతున్నాడని అత్తకి చెప్పాను. పచ్చి అబద్ధం. బట్టలన్నీ మైలపడ్డాయన్నాను. కొడుకుని గుమ్మంలోనే ఆపేసింది. బట్టలు విప్పించి, సబ్బిచ్చి, తల మీంచి నీళ్లు గుమ్మరించింది. డాక్టర్ చెప్పినవన్నీ వరసగా జరిగిపోయాయి! నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

10 జూలై

పొద్దున్నే ఆ బట్టల బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది.

"మైలన్నావు గదా. మనూరయితే సాకలోలు ఉతుకుతారు. ఇక్కడెవులున్నారు? నివ్వే ఉతుకు."

డాక్టర్ మాట మళ్లీ చెప్పాను. ఎవరూ చావలేదని, అబద్ధమాడానని కూడా చెప్పేశాను. పని తప్పించుకోడానికి ఇప్పుడు ఆడుతున్నదే అబద్ధమంది. ఆయన వైపు చూశాను. బీడీ ముట్టించుకుని బయటికెళ్లిపోయాడు.

2 ఆగస్టు

అరచేతులు పొట్టు లేస్తున్నాయి. ఒక్క జత గ్లవ్స్ తెమ్మని ఆయన్ని బతిమాలాను. స్టోర్ చూసే బెంగాలీ దాదా ఇవ్వడట. అడిగావా అన్నాను. అటు తిరిగి పడుకున్నాడు.

13 ఆగస్టు

ఉతికాను.

21 ఆగస్టు

పోయింది. ఆడపిల్లట.

మందు వల్లేనా అని అడిగితే డాక్టర్‌బాబు చెప్పలేనన్నాడు. అత్త చెప్పగలదు. బతికున్నవాళ్లని చచ్చారన్నందుకు నా నోరే తిందట బిడ్డని. ఏడుద్దామంటే కోపం అడ్డం పడుతోంది.

24 ఆగస్టు

ఇప్పుడు నాకు మైల. మూలన కూర్చోబెట్టారు.

నా బట్టలు తీసుకెళ్లడానికి అత్త వచ్చింది. మోచేతుల దాకా రబ్బరు గ్లవ్స్. ఆయనే తెచ్చి ఇచ్చాడట.