గోడ అవతలి ఆమెన్

సిబియు, మంగళవారం

అమ్మా,

నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. పక్క ఫ్లాటు సవేత అవ్వకు ప్రభువు సంగతి చెప్పే ధైర్యం ఇమ్మని మా సంఘంవాళ్లం ఐదుగురం నా గదిలో మూడు నెలలుగా మోకాళ్లూని ప్రార్థిస్తున్నాం కదా. ఆదివారం మధ్యాహ్నం నా వంతు ప్రార్థన ముగియగానే గోడ అవతలి నుంచి అవ్వ గొంతు, సన్నగా, "ఆమెన్" అంది.

"చూశారా, ముసల్ది వింటూనే ఉంది! మోకాళ్లు అరగదీసింది చాలు, లేవండి" అన్నాడు సంఘపెద్ద అవ్రామ్ బాబాయి.

వెళ్లి అవ్వ ఫ్లాటు తలుపు తోస్తే తెరుచుకుంది. అవ్వ గోడకు చెవి ఆనించి కుర్చీలో కూర్చుని ఉంది. ప్రాణం పోయి రెండు రోజులైందన్నాడు డాక్టరు. ఆ ఆమెన్ మాత్రం ఐదుగురం విన్నాం.

ఉన్ని మేజోళ్లు పంపు. ఆవు ఈనిందా? దేవుడు నీకూ నాన్నకూ తోడుండాలి. మన పక్కింటి ఫ్లోయారా పిన్నికి ప్రభువు సంగతి ఇవాళే చెప్పు. ధైర్యం వచ్చేదాకా ఆగకు.

నీ ఎస్తేరా