టక్కుమనేదాకా నొక్కాలి

ఏమండోయ్ ఇంజనీరు గారూ, కొత్త కంప్యూటర్‌ని సాయంత్రం షాపుకి పట్టుకెళ్ళకండి! పొద్దున మీరు వెళ్ళగానే, షాపుకని మీరు సర్దిన అట్టపెట్టెలోంచి తీసి దాని పని పట్టాను. స్విచ్ ఆపకండి. రెండు గంటలుగా ఒక్కసారి కూడా బిగుసుకుపోలేదు! నేను మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్తున్నాను. పాపని మా అక్క వాళ్ళింట్లో దింపి వెళ్తాను, సాయంత్రం వెళ్ళి తీసుకురండి.

ముందు వైరు మార్చాను, వేరే ప్లగ్గుకి పెట్టాను. అయినా పది నిమిషాలకి బొమ్మలా ఆగిపోయింది. చివరికి పక్క మూత విప్పి టార్చి వేసి చూద్దును కదా, రెండు మెమరీ కార్డుల్లో ఒకదాని చివర ఇంకా పైకే ఉంది! గాడిలోకి సగమే దిగింది.

అప్పుడు వెలిగింది నాకు. మీరు దాన్ని బిగిస్తున్నప్పుడు పాప పక్కనే నిద్రపోతోంది. దాంతో వచ్చిన పుస్తకంలో "టక్కుమనేదాకా నొక్కాలి" అని రాసి ఉంటే, చప్పుడుకి పాప లేస్తుందని మీరు దూది అద్దినట్టు అద్దారు. పైగా వారం రోజులుగా "నువ్వు మరీ వేగంగా టైప్ చేస్తావు, అందుకే ఆగిపోతోంది" అని నన్ను ఆడిపోసుకున్నారు. అది మాత్రం మర్చిపోను.

ప్లగ్గు పీకి, రెండు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కాను. టక్కుమంది! అప్పటినుంచి ఏకబిగిన తొమ్మిది పేజీలు టైప్ చేశాను, మీరు వేగం అన్నారే, ఆ వేగంతోనే.

చెప్పడం మర్చిపోయాను: ఆ టక్కుకి పక్కనే నిద్రపోతున్న పాప కదలనైనా కదల్లేదు. ఆ తర్వాత నేను వేసిన కేకకి లేచింది.